వచ్చే నెల ఫణి

మా ఫణికున్న జబ్బు ఒక్కటే. విమానాల కంపెనీలు వచ్చే నెలే కొత్త పైలెట్లను తీసుకోబోతున్నాయని అతనికి ఎప్పుడూ ముందే తెలిసిపోతుంది.

మిగతా విషయాల్లో మామూలు మనిషే. ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోసుకుంటాడు. తిరువొత్తియూరులో ఇంటి దగ్గర లోకల్ రైలెక్కి, నిద్రపోయి, దిగాల్సిన స్టేషను దాటిపోయి, వెనక్కి వచ్చే రైల్లో కూడా నిద్రపోతాడు. కాని ఉద్యోగాల మాట వచ్చిందంటే మనిషి మారిపోతాడు. గొంతు తగ్గిస్తాడు. అటూ ఇటూ చూస్తాడు. పక్కన గోడ తప్ప ఎవరూ లేకపోయినా, ఆ గోడ వినకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. "వచ్చే నెల ఓపెన్ అవతా ఉండాది. కన్ఫర్మ్. ఎవురికీ చెప్పొద్దు" అంటాడు. అలా చెప్పిన పావుగంటకు మా వాట్సాప్ గ్రూపులో అదే మాట పెద్ద అక్షరాలతో పెడతాడు.

ఆ గ్రూపులో ఉన్నది నలుగురమే. ఫణి, జగన్, విఘ్నేష్, నేను. నా పేరు చిన్మయి. నలుగురం తాతల కాలం నుంచి మద్రాసులో ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళమే. ఒకే ఫ్లయింగ్ స్కూల్లో, ఒకే బుల్లి విమానం మీద, తలా రెండొందల గంటలు ఎగిరి కమర్షియల్ పైలెట్ లైసెన్సు తెచ్చుకున్నాం. ఆ విమానంలో ఇద్దరు కూర్చున్నాక నీళ్ళ సీసాకు చోటుండేది కాదు.

లైసెన్సులు చేతికొచ్చిన రోజునే మేం ఆ మాట మొదటిసారి విన్నాం. వచ్చే నెల ఓపెన్ అవుతుందన్నాడు ఫణి. అందరం నమ్మాం. నేనైతే ఆ సాయంత్రమే వెళ్ళి పైలెట్లు వేసుకునే నల్ల బూట్లు కొనుక్కున్నాను. తర్వాతి మూడేళ్ళలో వాటిని వేసుకెళ్ళింది రెండు పెళ్ళిళ్ళకు.

బయటివాళ్ళకు ఇక్కడో సంగతి చెప్పాలి. కారు లైసెన్సు వస్తే మనిషి కారు నడుపుకుంటాడు. పైలెట్ లైసెన్సు వచ్చినవాడు కూడా విమానం నడపొచ్చు, కాకపోతే విమానం అతని దగ్గర ఉండదు. విమానాలున్నవాళ్ళేమో అనుభవం ఉందా అని అడుగుతారు. అనుభవం రావాలంటే విమానం కావాలి. ఈ గొడవ తేలేలోగా లైసెన్సును ఊరికే బీరువాలో పెట్టుకుని కూర్చోవడానికి లేదు. ఏడాదికోసారి డాక్టరు ముందు నిలబడి కళ్ళూ చెవులూ గుండే బాగున్నాయని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మబ్బుల్లో ఏమీ కనపడకపోయినా ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళు చూసుకుని నడపగలనని ఇంకో పరీక్ష ఇచ్చుకోవాలి. వీటిలో ఒక్కదానికి తారీఖు దాటిపోయినా, కంపెనీవాళ్ళు పిలిచిన రోజున మనం వెళ్ళలేం.

అందుకని నలుగురం తలో పనిలో చేరాం. జగన్ విమానాశ్రయంలో కౌంటరు దగ్గర నిలబడి జనం పెట్టెలు తూచేవాడు. వాళ్ళమ్మ మాత్రం చుట్టాలతో "మావాడు ఏర్‌పోర్టులో పన్జేస్తాడు" అని చెప్పి, వాళ్ళు రెండో ప్రశ్న వేసేలోపు కాఫీ తేవడానికి లోపలికి పోయేది. విఘ్నేష్ పెళ్ళిళ్ళలో డ్రోన్ కెమెరా ఎగరేసేవాడు. మా బ్యాచ్‌లో రోజూ గాల్లోకి ఏదో ఒకటి లేపి క్షేమంగా దింపుతున్నవాడు వాడొక్కడే కాబట్టి మా అందరికీ వాడంటే కొంచెం అసూయ. నేను కోడంబాక్కంలో మా ఇంటి దగ్గరే ఒక ట్యూషన్ సెంటర్లో ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్లలకు ఫిజిక్సు చెప్పేదాన్ని.

ఫణి ఒక మాల్‌లో, పిల్లల ఆటల విభాగంలో చేరాడు. అక్కడ తెర ముందు కూర్చుని తిప్పే విమానం ఆట ఒకటుంది. పిల్లలు దాన్ని ఎక్కి, ఓ రెండు కొండల్ని గుద్ది, సంతోషంగా దిగిపోతారు. ఫణి వచ్చాక ఆ సంతోషం పోయింది. బెల్టు పెట్టుకోనిదే మిషన్ వేసేవాడు కాదు. ఏడేళ్ళ పిల్లాణ్ణొకణ్ణి, విమానం సరిగా దింపలేదని, ఫెయిల్ చేశాడు. ఆ పిల్లాడి తండ్రి మేనేజరు దాకా వెళ్ళి గొడవ పెట్టుకున్నాడు. కాని పిల్లాడు పట్టు వదల్లేదు. ఆదివారం ఆదివారం వచ్చి, నాలుగో వారం రన్‌వే మధ్యలో చక్కగా దింపాడు. ఫణి ఒక కాగితం మీద వాడి పేరూ తారీఖూ రాసి, కింద సంతకం చేసి, తన లైసెన్సు నంబరు కూడా వేసి ఇచ్చాడు. మేనేజరు మళ్ళీ తిట్టాడు. తండ్రి మాత్రం దాన్ని ఫ్రేము కట్టించాడట.

ఇక ఫణి వార్తలకు ఆధారాల సంగతి. ఆధారం అనడు, సోర్సు అంటాడు.

కోడంబాక్కంలో సినిమావాళ్ళకు బట్టలు కుట్టే జయరామన్ అనే టైలరున్నాడు. ఒకరోజు ఫణి ఆయన కొట్లోకి తొంగిచూస్తే, బుజాల మీద బంగారు పట్టీలున్న తెల్ల చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయట. ఎన్నని అడిగితే అరవై అన్నాడట జయరామన్. ఫణి అక్కణ్ణించే ఫోన్ చేశాడు. అరవై చొక్కాలంటే, మనిషికి మూడు చొప్పున, ఇరవైమంది పైలెట్లని లెక్క తేల్చాడు. "కొలతలు కూడా చూసినా. అన్నీ సన్నటివి. అంటే కొత్తోళ్ళే" అన్నాడు. నెల రోజులు కూర్చుని చదివాం. నెల తర్వాత తెలిసింది, అది సినిమాలో పాట. అరవైమంది డాన్సర్లు పైలెట్ వేషాల్లో విమానం చుట్టూ గంతులేస్తారు. చివరి నిమిషంలో ఒక డాన్సరు రాకపోతే, అక్కడ డ్రోన్ ఎగరేస్తున్న విఘ్నేష్‌కు చొక్కా తొడిగి నిలబెట్టారు. ఆ అరవైమందిలో నిజంగా లైసెన్సున్నది వాడికొక్కడికే. డైరెక్టరు వాణ్ణి ఎగాదిగా చూసి, పైలెట్‌లా లేడని చివరి వరసలోకి పంపించాడు.

ఫణి ఏమాత్రం తగ్గలేదు. సినిమావాళ్ళకే పైలెట్ల మీద మనసు పోయిందంటే కంపెనీలు ఎంత దూరంలో ఉన్నట్టు అన్నాడు.

ఇంకోసారి సమోసాలు. ఒక విమానాల కంపెనీ ఆఫీసు కాంటీనుకు సమోసాలు వేసే మనిషి, ఆ రోజు మామూలుకంటే నలభై ఎక్కువ వేశాడట. మనిషికి రెండు చొప్పున ఇరవైమంది ఇంటర్వ్యూ బోర్డు వచ్చిందన్నాడు ఫణి. మళ్ళీ పుస్తకాలు తీశాం. తీరా అది ఎవరిదో రిటైర్మెంటు పార్టీ. "ఒకరు రిటైరయితే ఒక ఖాళీ వచ్చినట్టే కదా" అన్నాడు ఫణి.

వార్త ఏదైనా దాని వెనక తంతు మాత్రం ఒకటే. మా నలుగురికీ నాలుగు నీలం ఫైళ్ళు తెచ్చాడు. నెలకోసారి మా ఇళ్ళకు వచ్చి ఆ ఫైలు విప్పించి, ఒక్కొక్క సర్టిఫికెట్ తారీఖు చదివి, మా ఇంటి కాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి వెళ్ళేవాడు. వాటిని చూసి మా అవ్వ అవేవో అమావాస్యలనుకుని రెండు నెలలు ఉపవాసం ఉంది.

పొద్దున ఆరింటికి ఫోన్ చేసి ఒక ప్రశ్న అడగడం ఇంకో తంతు. ఆరింటికి నేను లేవను. అందుకని ఫోన్ మా పంకజం అవ్వ ఎత్తేది. మొదటిరోజు ఫణి, ఎత్తింది ఎవరని చూసుకోకుండా, దారిలో ఉరుముల మబ్బు ఎదురైతే దానికి ఎంత దూరంలో పోవాలని అడిగాడు. అవ్వ ఆలోచించి జవాబు చెప్పింది.

"ఉరుమతా ఉంటే పోవడం ఎందుకబ్బాయ్. ఇంట్లో ఉండొచ్చు కదా."

"అవ్వా, అదే కరెక్టు ఆన్సరు" అన్నాడు ఫణి.

అప్పట్నుంచి ప్రశ్నలు అవ్వకే. ఆవిడ వాటిని నాకు కాఫీతోపాటు తెచ్చి అడిగేది, నేను చెప్పేదాకా గ్లాసు ఇచ్చేది కాదు. ఏడాది తిరిగేసరికి మా అవ్వ, మేడ మీద వడియాలు పెట్టబోయిన పక్కింటావిణ్ణి ఆపి, పడమర క్యుములోనింబస్ లేస్తోంది, ఇవాళ వద్దు అనే స్థితికి వచ్చింది. ఆ రోజు నిజంగానే వాన పడింది. ఆ వీధిలో అవ్వకు నాకంటే ఎక్కువ పేరొచ్చింది.

వైద్య పరీక్షకు కూడా ఫణి వెంట వచ్చేవాడు. నాకు బీపీ లేదు. కాని చేతికి ఆ పట్టీ చుట్టగానే వచ్చేస్తుంది. రెండో ఏడాది డాక్టరు మూడుసార్లు చూసి, మూడుసార్లూ పెదవి విరిచాడు. బయట కూర్చున్న ఫణి తలుపు తోసుకుని వచ్చి, డాక్టరు అనుమతి కూడా అడక్కుండా, ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి ఎంతెంత తగ్గుతుందో చెప్పమన్నాడు. నేను చెబుతూ పోయాను. నాలుగోసారికి బీపీ పుస్తకంలో రాసినంత ఉంది. ఇతను మీకేమవుతాడని డాక్టరు అడిగాడు. నర్సు రిజిస్టరులో 'అటెండరు' అని రాసుకుంది.

ఇలా మూడేళ్ళు. ఎవరికైనా విసుగొస్తుంది. ముందు జగన్‌కు వచ్చింది. వాణ్ణి కౌంటరు నుంచి షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేశారు. చొక్కా మారింది, కుర్చీ వచ్చింది. ఆ వారమే కోడంబాక్కం స్టేషను దగ్గర టీ కొట్లో ఫణి మళ్ళీ గొంతు తగ్గించాడు.

"ఇంతవరకు ఎన్ని వచ్చే నెలలు అయినాయో తెలుసా నీకు?" అన్నాడు జగన్.

"నేను లెక్క పెట్టలే."

"ముప్ఫై నాలుగు. నేను పెట్టినా."

"అయితే ముప్ఫై అయిదోది కన్ఫర్మ్. ఈసారి సమోసా కాదురా. ఆడ లోపల మనిషి ఉండాడు."

"పేరు చెప్పు."

"పేరు చెప్తే ఆయన ఉద్యోగం పోతాది."

"పోనీలే పా" అన్నాడు విఘ్నేష్. "అట్టన్నా ఒక ఖాళీ వస్తాది."

నేనూ విఘ్నేషూ నవ్వాం. జగన్ నవ్వలేదు. ఇక తను మెడికల్ చేయించుకోనని, వచ్చే నెలతో అది పోతుందని, పోతే తనకు ప్రశాంతంగా ఉంటుందని చెప్పి, సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు. రెండు వారాలు గ్రూపులో వాడి చప్పుడు లేదు. ఫణి రోజూ వాడికి ఒక ప్రశ్న పెట్టేవాడు, దాని పక్కన వాడు చదివినట్టు నీలం టిక్కులు పడేవి, జవాబు మాత్రం ఉండేది కాదు. తర్వాత ఒక మంగళవారం, అడయారులో డాక్టరు గది బయట నుంచి జగన్ ఒక్క ముక్క పెట్టాడు. "అయింది. నస తట్టుకోలేక వచ్చినా."

ఇది జరిగిన అయిదు వారాలకు, ఒక గురువారం మధ్యాహ్నం, నేను బోర్డు మీద లోలకం బొమ్మ గీస్తుండగా ఫోన్ మోగింది. మా ఫ్లయింగ్ స్కూల్ జూనియర్ ఎవరో ఒక లింకు పంపాడు. తెరిచి చూస్తే పెద్ద కంపెనీ. కొత్త లైసెన్సులవాళ్ళు కావాలట, అనుభవం అక్కర్లేదట. ఆదివారం సాయంత్రం లోపల దరఖాస్తు పెట్టాలి. పెట్టే రోజుకు సర్టిఫికెట్లన్నీ చెల్లుబాటులో ఉండాలి. నేను లోలకాన్ని గాల్లోనే వదిలేసి వరండాలోకి వచ్చాను. గ్రూపు చూశాను. మూడేళ్ళుగా లేని ఉద్యోగాలన్నీ చెప్పిన మనిషి, ఉన్న ఉద్యోగం గురించి ఒక్క ముక్క పెట్టలేదు. ఫోన్ చేశాను.

"ఫణీ, ఓపెన్ అయింది."

అటువైపు పిల్లల గోల, విమానం ఎక్కడో గుద్దుకున్న చప్పుడు.

"ఏంది ఓపెన్ అయింది?"

"రిక్రూట్‌మెంట్. మనలాంటి కొత్తవాళ్ళకే."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంది."

"వెబ్‌సైట్లన్నీ నమ్మొద్దు చిన్మయీ. సోర్సు ఏంది?"

అతణ్ణి నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. నమ్మాక మాత్రం మళ్ళీ మా ఫణి అయిపోయాడు. సాయంత్రానికి నలుగురం మా ఇంట్లో ఉన్నాం. అవ్వ దోసెలు పోస్తోంది. ఫణి మా మూడు ఫైళ్ళు నేల మీద పరిచి, ఒక్కొక్క కాగితం తీసి, తారీఖులు చదివి, స్కాన్ చేసి, మా పేర్లలో అక్షరాలు మూడుసార్లు సరిచూసి, అరగంటలో మా ముగ్గురి దరఖాస్తులూ పంపించేశాడు. ఊళ్ళో మా సీనియర్లలో సగంమంది ఆ మూడు రోజులూ ఎప్పుడో గడువు దాటిన సర్టిఫికెట్లు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. నీదేదని ఫణిని అడిగితే, తనది ఇంటికెళ్ళి పెట్టుకుంటానన్నాడు. ఇంకో దోసె వేసుకున్నాడు. మాకు అనుమానం రాలేదు.

సోమవారం విఘ్నేష్ మార్కుల షీటు కనపడలేదు. ఫణి సంచిలో వెళ్ళిపోయి ఉంటుందని, దానికోసం నేను తిరువొత్తియూరు వెళ్ళాను. ఫణి అప్పటికే మాల్‌కు పోయాడు. వాళ్ళమ్మ వరదలక్ష్మిగారు రిటైరైన స్కూలు టీచరు. మార్కుల షీటు తీసిచ్చి, మజ్జిగ ఇచ్చి, కూర్చోబెట్టారు. నేను మంచి మాట ఏదైనా చెబుదామని, ఎట్టకేలకు ఫణికి చెప్పిన ఆ లోపలి మనిషి మాట నిజమైంది ఆంటీ అన్నాను.

"ఏ లోపలి మనిషమ్మా?" అన్నారావిడ.

"అదే, కంపెనీలో ఫణికి వార్తలు చెప్పే మనిషి."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లల్ని చూసిన చూపు అది.

"నువ్వు కూడా నమ్మినావా? అయిదున్నరకు లేచి అన్ని కంపెనీలదీ ఫోన్లో చూస్తాడు. ఈ రోజు కూడా ఏమీ లేదుమా అంటాడు. కాఫీ తాగతాడు. ఆరింటికి నీకు ఫోన్ చేసి వచ్చే నెలంటాడు. మూడేళ్ళుగా చూస్తా ఉండా. ఇంత వరస తప్పకుండా అబద్ధం చెప్పిన పిల్లోణ్ణి నా సర్వీసులో చూడలే."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. పోనీ, తన దరఖాస్తైనా పెట్టాడు కదా అని అడిగాను. పెట్టలేదన్నారావిడ. ఫణి మెడికల్ గడువు అప్పటికి పంతొమ్మిది రోజుల కిందట అయిపోయింది. అడయారు డాక్టరు దగ్గర ఆ మంగళవారం ఫణికి రాసి ఉన్న టైము. ఊరికే తోడు రమ్మని జగన్‌ను తీసుకెళ్ళి, అక్కడికెళ్ళాక తన పేరు కొట్టించి వాడి పేరు రాయించాడట. మరుసటి వారం డాక్టరు రెండు నెలల సెలవు మీద వెళ్ళాడు. ఫణి మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నేను అక్కణ్ణించి నేరుగా మాల్‌కు వెళ్ళాను. దారంతా తిట్లు ఏరుకుంటూనే ఉన్నాను. వెళ్ళేసరికి ఫణి, కళ్ళజోడు పెట్టుకున్న ఒక చిన్నపాప పక్కన వంగి నిలబడి, విమానం ముక్కు కొంచెం పైకెత్తమ్మా అని బతిమాలుతున్నాడు.

"అమ్మ చెప్పింది" అన్నాను.

అతనికి అర్థమైంది. తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"నీ మెడికల్ ఎందుకు చేయించుకోలేదు?"

"ఏమీ ఓపెన్ కావటంలే కదా, మెల్లగా చేయిస్తాం అనుకున్నా" అన్నాడు.

మా నలుగురిలో ఆ నిజం తెలిసినవాడు అతనొక్కడే. అందుకే తొందరపడనివాడు కూడా అతనొక్కడే. నాకు ఏరుకొచ్చిన తిట్లలో ఒక్కటీ పనికిరాలేదు.

"మరి మాకెందుకు అన్ని అబద్ధాలు చెప్పావు?"

"రెండేళ్ళో మూడేళ్ళో పడతాదంటే చదవతావా నువ్వు? పుస్తకం అటకెక్కతాది. జగన్ మెడికల్ పోతాది. వచ్చే నెలంటే పుస్తకం టేబుల్ మీదే ఉంటాది." కాస్త ఆగి అన్నాడు. "నాకు మాత్రం ఏం తెలుసు చిన్మయీ, ఏ వచ్చే నెల నిజంగా వస్తాదో. అందుకే ఏదీ వదల్లే."

తెర మీద నీలిరంగు చిమ్మింది. పాప ఏడుపు మొహం పెట్టింది.

"చూడు, నీతో మాట్లాడతా పిల్లను సముద్రంలో దింపినా" అన్నాడు ఫణి, పాప బెల్టు సరిచేసి మళ్ళీ మొదట్నుంచి వేస్తూ.

నేను బయటికొచ్చి జగన్‌కు ఫోన్ చేశాను. వాడు అంతా విని, మర్నాడు సెలవు పెట్టి, తిరువొత్తియూరు వెళ్ళి, ఇంకా పళ్ళు కూడా తోముకోని ఫణిని బండెక్కించుకుని, సెలవులో ఉన్న డాక్టరు కాకపోతే ఇంకో డాక్టరని, నాలుగు ఆస్పత్రులు తిరిగి, ఒకచోట కూర్చోబెట్టాడు. పరీక్ష అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. సర్టిఫికెట్ రావడానికి వారాలు పట్టింది. ఆ కంపెనీ తలుపు అప్పటికే మూసేసింది.

మా ముగ్గురినీ పరీక్షకు పిలిచారు. ఇంటర్వ్యూలో నన్ను ఒక పెద్దాయన, మీ దారిలో ఉరుముల మబ్బు ఉందని బయల్దేరకముందే తెలిస్తే ఏం చేస్తారని అడిగాడు. కంగారులో నా నోట్లోంచి అవ్వ జవాబే వచ్చింది. ఇంట్లో ఉంటాను సార్ అన్నాను. ఆయన పక్కాయన వైపు చూసి ఏదో రాసుకున్నాడు. నాకూ జగన్‌కూ మొదటి జాబితాలోనే వచ్చింది. విఘ్నేష్‌కు రెండో జాబితాలో వచ్చింది. వాడు ఆఖరి పెళ్ళిలో డ్రోన్‌ను పెళ్ళికూతురి చేతిలోకి దింపి, దండం పెట్టి వచ్చేశాడు.

మేం ట్రైనింగుకు వేరే ఊళ్ళకు పోయాక ఫణి ఒక్కడే మిగిలాడు. ఈసారి ఫైలు చూసే పని మేం తీసుకున్నాం. ఆరింటికి ప్రశ్న అడగడం మాత్రం మా అవ్వ తీసుకుంది. ఆవిడ అడిగే ప్రశ్నలకు జవాబులు సగం ఆవిడకే తెలియవు కాబట్టి, ఫణి ఏది చెప్పినా గట్టిగా ఇంకోసారి చెప్పించుకునేది. ఎనిమిది నెలలకు, చిన్న ఊళ్ళకు ప్రొపెల్లరు విమానాలు నడిపే ఒక చిన్న కంపెనీ పన్నెండుమందిని తీసుకుంది. అందులో ఫణి ఉన్నాడు. ఆ కబురు అతను ముందుగా ఎవరికీ చెప్పలేదు. అతను యూనిఫాంకు కొలతలిచ్చి వెళ్ళాక జయరామన్ మాకు చెప్పాడు.

ఆ తర్వాత నలుగురం ఒకచోట కలవడం కుదరలేదు. ఒకరు దిగేసరికి ఇంకొకరు లేచేవాళ్ళం. పోయిన ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను విశాఖపట్నం నుంచి చెన్నైకి వస్తున్నాను. ఎడమ సీట్లో మా కెప్టెను, కుడి సీట్లో నేను. సముద్రం మీద ఎండ మెరుస్తోంది. దిగడానికి వరసలో ఉన్నాం. కంట్రోలరమ్మ, మీ ముందు ఒక ప్రొపెల్లరు విమానం ఉంది, మీరు రెండో నంబరు, వేగం తగ్గించుకోండి అంది. వెంటనే ఆ ముందు విమానంలోంచి, బళ్ళో పాఠం అప్పజెప్పినంత నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా జవాబొచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు.

పెద్ద విమానం పట్టుకుని ఆ పంకా వెనకాల నడవాలా అని కెప్టెను విసుక్కున్నాడు. ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు. ముందున్నది మా బ్యాచ్‌మేటు అన్నాను. అయితే కొంచెం తొందరగా కదలమని చెప్పు అన్నాడాయన. అలా చెప్పడానికి లేదు. రేడియోలో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు. నేను మీట నొక్కి, రెండో నంబరు, వేగం తగ్గిస్తున్నాం అని చెప్పి ఊరుకున్నాను.

"గుడ్ మార్నింగ్ చిన్మయీ" అంది రేడియో.

"కబుర్లు వద్దు" అంది కంట్రోలరమ్మ.

ఇద్దరం ఒకేసారి మీట నొక్కి సారీ చెప్పాం. రేడియోలో ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినపడదు, కీచుమని ఒక చప్పుడొస్తుంది. మద్రాసు మీద ఆ పొద్దున తిరుగుతున్న విమానాలన్నిట్లోనూ ఆ కీచు చప్పుడు మోగింది. అది తగ్గేదాకా ఆగి కంట్రోలరమ్మ అంది.

"ముందు ఇద్దరూ కిందికి దిగండి. దిగి మాట్లాడుకోండి."